చదరంగపు గడులు, ఇరవై అంకెలు



చదరంగపు బల్లమీద 64 గడులుండును. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టింపు చేయుచు పోయినచో మొత్తము 18446744073709551615 గింజలగును. ఈ ఇరవై అంకెలను మన పావులూరి మల్లన ఒక్క తెలుగు పద్యములో ఇమిడ్చెను. చంద్రుడనగా 1, వేదములనగా 4, బాణములనగా 5. ఒకట్ల స్థానమునుండి వెనుకకు పేర్చుకొనవలెను.

ఇక్కడ లింగంపల్లిలో మన సంఘపు యౌవనస్థుడొకడు, "అయ్యగారూ, 64 బిట్లలో కంప్యూటరు వ్రాయగల అతి పెద్ద సంఖ్య ఇదే గదా!" అని ఆశ్చర్యపడెను. ఇది 3, 5, 17 లచేత శేషము లేకుండ భాగింపబడును.

దీనిలో మరియొక సంగతి గలదు. ఏ గడిలోని గింజలైనను ముందరి గడులన్నిటి మొత్తముకంటె ఒకటి ఎక్కువ. అప్పు కూడ అట్టిదే. నూటికి నెలకు మూడు రూపాయల చక్రవడ్డీ రెండేండ్లలో రెట్టింపగును. పదివేలు పదియేండ్లకు మూడు లక్షలు దాటును. ఒక తండ్రి ఎరువులకు తెచ్చిన అప్పును ఇంటిలో దాచి, చివరి గడికి వచ్చినప్పుడు నాయొద్ద ఏడ్చెను.

ఈ రాత్రి భోజనమైన పిమ్మట భార్యాభర్తలు కూర్చుండి మీ అప్పుల లెక్క వ్రాసికొనుడి. మొదటి గడులలోనే చెప్పుకొనుట మేలు.