తిరిగే యంత్రాల అతివేగ నియంత్రణపై తీర్మానం

మార్కాపురం, గిద్దలూరు, పశ్చిమ ప్రకాశం ప్రాంతాల పలకల ఫ్యాక్టరీలు, క్వారీలు, జనరేటర్లు, నూర్పిడి మిషన్ల యజమానులు, ఆపరేటర్లు, మెకానిక్‌ల ఉమ్మడి సభ చర్చించి ఆమోదించినది.

పీఠిక

బడిపిల్లల చేతి పలకతో మార్కాపురం పేరు దేశమంతా తెలిసింది. ఆ రాయే ఇప్పుడు టైల్సుగా మారి పరాయి దేశాల గోడలకూ నేలలకూ చేరుతోంది. రాయిని పొరలుగా విడదీయడం నేటికీ ఉలి, సుత్తి, చేతి ఒడుపుతో జరిగే పనే. అంచులు కోయాలన్నా, మట్టం చేయాలన్నా, గుంటలోంచి రాయిని పైకి లాగాలన్నా, కరెంటు పోయినప్పుడు షెడ్డు నడవాలన్నా తిరిగే యంత్రం కావాలి. కంభం, బేస్తవారిపేట, రాచర్ల, కొమరోలు, గిద్దలూరు వైపు వెళితే అవే యంత్రాలు నూర్పిడి మిషన్లుగా, బోరు మోటార్లుగా, పిండి మరలుగా కనిపిస్తాయి. వీటికి కంచె వేయడం గురించి, వదులు చొక్కాలు వేసుకోకపోవడం గురించి అందరూ చెబుతారు. అవి ఎంత వేగంతో తిరగవచ్చు, ఆ వేగం దాటితే వాటిని ఎవరు ఆపుతారు అనే ప్రశ్న మాత్రం సాధారణంగా ప్రమాదం జరిగిన తర్వాతే వస్తుంది.

వేగం దాటడం ఎందుకంత ప్రమాదమో సభ ముందు లెక్కతో సహా ఉంచారు. తిరిగే చక్రాన్ని బయటికి చీల్చే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం 10 శాతం పెరిగితే ఆ బలం 21 శాతం పెరుగుతుంది, 20 శాతం పెరిగితే 44 శాతం. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. మోత కాస్త మారిందని చెవికి తెలిసే లోపే చక్రం మీద భారం హద్దు దాటి ఉండవచ్చు. అందుకే “మా ఆపరేటరు చప్పుడు విని చెప్పేస్తాడు” అనే మాటను ఈ సభ రక్షణగా అంగీకరించడం లేదు. ఆ నేర్పు విలువైనదే, దాన్ని కాదనడం లేదు. అయితే పగిలే చక్రం ముందుగా చప్పుడు చేస్తుందన్న హామీ ఎక్కడా లేదు.

ఈ చర్చలో విద్యుత్ కేంద్రాల టర్బైన్ల ప్రస్తావన కూడా వచ్చింది. వాటి మాట మన సభలో ఎందుకని కొందరు అడిగారు. దోర్నాల దాటి ఘాటెక్కితే శ్రీశైలం. అక్కడి కుడిగట్టు విద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు ఏడు ఉన్నాయి. గ్రిడ్డుతో సంబంధం హఠాత్తుగా తెగితే జనరేటర్ మీది భారం ఒక్కసారిగా పోతుంది, నీరు మాత్రం పడుతూనే ఉంటుంది. అప్పుడు అలాంటి టర్బైను తన మామూలు వేగానికి సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దాకా వెళ్లగలదు. వేగాన్ని సరిచేసే గవర్నరు నీటి దారిని మూసేస్తుంది. మరీ తొందరగా మూస్తే గొట్టాల్లో నీటి ఒత్తిడి విపరీతంగా పెరిగి అవే పగలవచ్చు కాబట్టి కొంత సమయం తీసుకుని మూయాలి. ఆ కాసేపూ పెరిగే వేగాన్ని తట్టుకునేలా చక్రాన్ని ముందే తయారు చేస్తారు. ఆవిరి టర్బైనుకు ఆ పాటి వ్యవధి కూడా ఉండదు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే యంత్రాన్ని సుమారు 3,300 దగ్గర ఆపేయాలి, ఆవిరి వాల్వు సెకనులో కొద్ది భాగంలోనే మూసుకోవాలి.

ఆ పెద్ద యంత్రాల నుంచి మన షెడ్లకు పనికొచ్చే సూత్రం ఒకటి ఉంది. వేగాన్ని సరిచేసే పరికరం వేరు, వేగం దాటితే యంత్రాన్ని ఆపేసే పరికరం వేరు. మొదటిది గవర్నరు. రెండోది ట్రిప్పు. మొదటిది చెడిపోయినప్పుడే రెండోదాని అవసరం వస్తుంది కాబట్టి రెండూ ఒకే తీగ మీద, ఒకే స్ప్రింగు మీద ఆధారపడకూడదు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 670వ ప్రమాణంలోని పద్ధతి ప్రకారం పెద్ద టర్బైన్లకు మూడు వేగ సెన్సార్లు పెడతారు. మూడింటిలో రెండు హద్దు దాటిందని చెబితే యంత్రం ఆగుతుంది. ఒక్క సెన్సారు చెడితే యంత్రం ఊరికే ఆగిపోదు, ఒక్కటి మొరాయించినా రక్షణ పోదు. అంత ఏర్పాటు మనకు అక్కర్లేదు. “గవర్నరు ఉంది కదా, ఇంకొకటి ఎందుకు” అనే ప్రశ్నకు జవాబు మాత్రం అందులో ఉంది.

రక్షణ పరికరాన్ని పరీక్షించడంలోనూ ప్రమాదం ఉంటుంది. ఇంగ్లండులోని హింక్లీ పాయింట్ ‘ఎ’ కేంద్రంలో 1969లో అతివేగ పరీక్ష చేస్తుండగా టర్బైను డిస్కు పగిలి యంత్రం ముక్కలైంది. కంటికి కనిపించని పగుళ్లు ఆ డిస్కులో ముందే ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని డువా కేంద్రంలో 2011 ఫిబ్రవరిలో 600 మెగావాట్ల యూనిట్ కూడా అతివేగ పరీక్ష సమయంలోనే నాశనమైంది. పరీక్ష మానేయాలని వీటి అర్థం కాదు. మనుషులను దూరం పెట్టి, యంత్రాన్ని ముందు నిలిపి తనిఖీ చేసి, తెలిసినవారి చేత మాత్రమే చేయించాలి.

ఇక మన సంగతి. కరెంటు మోటారు దానంతట అది వేగం దాటదు. 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు పోల్స్ మోటారు నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరుగుతుంది, అంతకు మించి పోదు. ఈ ఒక్క మాట నమ్మి మనలో చాలామంది అతివేగం ఇంజన్ల సమస్య అనుకుంటున్నాం. వేగాన్ని మార్చేది పుల్లీ, బ్లేడు సైజు. మోటారు మీద పది అంగుళాల పుల్లీ, స్పిండిల్ మీద ఐదంగుళాల పుల్లీ ఉంటే స్పిండిల్ 2,880 చుట్లు తిరుగుతుంది. దాని మీద 14 అంగుళాల బ్లేడు ఉంటే అంచు వేగం సెకనుకు సుమారు 53 మీటర్లు. పెద్ద రాయి వచ్చిందని అదే స్పిండిల్‌కు 24 అంగుళాల బ్లేడు బిగిస్తే, ఒక్క చుట్టు కూడా పెరగకుండానే అంచు వేగం 90 మీటర్లు దాటుతుంది. పాత అంచు వేగమే ఉండాలంటే స్పిండిల్ పుల్లీని ఎనిమిదిన్నర అంగుళాలకు మార్చి చుట్లను సుమారు 1,700కు తగ్గించాలి. ఆ పుల్లీ మార్చడానికి పట్టే సమయం మిగిలిద్దామని బ్లేడు ఒక్కటే మార్చడం మన ప్రాంతంలో కొత్త కాదు.

చేతి గ్రైండర్లతో ఇంతకన్నా తేలిగ్గా పొరపాటు జరుగుతుంది. 11,000 చుట్లు తిరిగే నాలుగంగుళాల గ్రైండర్‌కు గార్డు ఊడదీసి ఏడంగుళాల డిస్కు బిగిస్తారు. సెకనుకు 80 మీటర్ల రకం ఏడంగుళాల డిస్కు మీద అచ్చయ్యే హద్దు సుమారు 8,500. ఆ డిస్కు మీద పడే చీల్చే బలం అనుమతించిన దానికంటే మూడింట రెండు వంతులు ఎక్కువ. పగిలిన ముక్కలను ఆపగలిగిన గార్డు అప్పటికే పక్కన పడి ఉంటుంది.

ఈ విషయం చట్టానికి కొత్త కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్ ప్రకారం గ్రైండింగ్ జరిగే ప్రతి ఫ్యాక్టరీలో, ప్రతి మిషను దగ్గర, చక్రం గరిష్ఠ సురక్షిత అంచు వేగాన్నీ, షాఫ్ట్ వేగాన్నీ, ఆ వేగం రావడానికి ఉండాల్సిన పుల్లీ వ్యాసాన్నీ బోర్డు మీద శాశ్వతంగా రాసి పెట్టాల్సి ఉండేది, ఆ వేగాన్ని దాటకూడదన్న నియమమూ ఉండేది. ఫ్లైవీలు, పుల్లీ, డిస్కు వంటి ఇతర తిరిగే భాగాలూ సురక్షిత వేగం దాటకుండా తగిన ఏర్పాటు ఉండాలని అదే సెక్షన్ చెప్పింది. ఆ చట్టాన్ని 2020 వృత్తి భద్రత కోడ్‌లో కలిపినా రాయీ మారలేదు, చక్రమూ మారలేదు. క్వారీలకు 1952 గనుల చట్టం, 1961 లోహ గనుల నిబంధనలు వచ్చాయి, ఆ గనుల చట్టాన్నీ అదే కోడ్‌లో కలిపారు. పవర్ త్రెషర్లను దృష్టిలో పెట్టుకునే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. పుల్లీ వ్యాసం రాయమన్న చట్టానికి మన షెడ్లలో జరిగే పని బాగా తెలుసు. తెలియనట్టు ఉంటున్నది మనమే.

పై విషయాలన్నీ పరిశీలించి, ఈ సభ ఈ కింది విధంగా తీర్మానిస్తున్నది.

1. కోత మిషను, గ్రైండింగ్ మిషను ఉన్న ప్రతి షెడ్డులో మిషను పక్కనే తెలుగులో బోర్డు ఉండాలి. మోటారు చుట్లు, మోటారు పుల్లీ, స్పిండిల్ పుల్లీ, స్పిండిల్ చుట్లు, బిగించదగిన అతిపెద్ద బ్లేడు సైజు, ఈ ఐదూ అంకెల్లో రాయాలి. చదువు రాని ఆపరేటర్లు ఉన్నచోట అతిపెద్ద బ్లేడు కొలతను గోడ మీద వృత్తంగా గీసి చూపాలి.

2. చుట్ల అంకె చెరిగిపోయిన బ్లేడును, డిస్కును ఎవరూ బిగించరాదు, ఎవరూ బిగించమని చెప్పరాదు. గార్డు లేని గ్రైండర్‌కు పని ఇవ్వరాదు.

3. డీజిల్ జనరేటర్లు, ఆయిల్ ఇంజన్ల గవర్నరు లివరును తీగతో కట్టడం, స్ప్రింగు బిగించి “కాస్త లాగేలా” చేయడం నేటి నుంచి ఆపాలి. ఈ అంశంపై సభలో ఎక్కువ సేపు చర్చ జరిగింది. లోడు ఎక్కువైనప్పుడు వేరే దారి లేదని కొందరు యజమానులు అన్నారు. లోడు ఎక్కువైతే సరైన దారి పెద్ద జనరేటరు, లేదా ఒక మిషను ఆపడం. 1,500 చుట్ల జనరేటరు 1,650 తిరిగితే కరెంటు 55 హెర్ట్జ్‌కు చేరుతుంది, దాని మీద నడిచే ప్రతి మోటారూ, ప్రతి బ్లేడూ అదే నిష్పత్తిలో వేగం పుంజుకుంటాయి. కరెంటు మోటారు వేగం దాటదన్న నమ్మకం అక్కడితో చెల్లిపోతుంది. కొత్తగా కొనే ప్రతి జనరేటరుకు గవర్నరుతో సంబంధం లేని అతివేగ ట్రిప్పు ఉండాలి. మామూలు వేగం మీద 10 నుంచి 15 శాతం దాటగానే అది ఇంజనును ఆపాలి.

4. అరిగిన ఇంజను తన కందెన నూనెనే తాగుతూ పరుగందుకుంటే డీజిల్ కట్టేసినా ఆగదు, గాలి ఆపితేనే ఆగుతుంది. ప్రతి ఇంజను గాలి గొట్టానికీ దూరం నుంచి మూసే మూత ఉండాలి. అది అమర్చే దాకా గొట్టం మూతికి సరిపోయే మందమైన చెక్క పలక గొలుసుతో ఇంజను పక్కనే వేలాడాలి. దాన్ని పెట్టడానికి చేయి కాదు, పిడి వాడాలి.

5. క్వారీ వించిలపై: బరువు దించేటప్పుడు క్లచ్చు వదిలి డ్రమ్మును స్వేచ్ఛగా తిరగనివ్వరాదు. బరువే యంత్రాన్ని లాగడం మొదలుపెడితే ఇంజను గవర్నరు చేయగలిగింది ఏమీ ఉండదు. ప్రతి వించికి చేతి బ్రేకు కాక, హద్దు దాటగానే తనంతట తాను పట్టే రెండో బ్రేకు ఉండాలి. అది లేని వించి కింద మనిషి ఉండగా బరువు కదలరాదు.

6. ట్రాక్టరుతో నడిచే నూర్పిడి మిషన్లకు నిమిషానికి 540 చుట్ల పీటీవో (ట్రాక్టరు నుంచి శక్తినిచ్చే షాఫ్ట్) వేగమే వాడాలి. త్వరగా నూర్చాలని యాక్సిలరేటరు పెంచి వదలరాదు. అద్దెకు తిప్పే మిషన్ల యజమానులు ఈ బాధ్యతను రైతు మీద నెట్టరాదు.

7. లోతు బోర్లలో మోటారు ఆగినప్పుడు పైపులోని నీరు వెనక్కి జారుతూ పంపును ఎదురు తిప్పుతుంది. ఆ సమయంలో స్విచ్ వేస్తే షాఫ్ట్ విరగవచ్చు. నాన్‌రిటర్న్ వాల్వు సరిగా ఉందో లేదో పంపు పైకి తీసిన ప్రతిసారీ చూడాలి.

8. వేగం కొలిచే డిజిటల్ టాకోమీటర్లను ఉమ్మడి ఖర్చుతో కొని మార్కాపురంలో, కంభంలో, గిద్దలూరులో అందుబాటులో ఉంచాలి. చిన్న షెడ్లవారు ఖర్చు గురించి లేవనెత్తిన అభ్యంతరం న్యాయమైనది, అందుకే ఉమ్మడి కొనుగోలు. పుల్లీ, బెల్టు, బ్లేడు సైజు మార్చిన ప్రతిసారీ ఖాళీగా తిప్పి కొలిచి, అంకెను రిజిస్టరులో రాయాలి.

9. ట్రిప్పు పరీక్ష ఏడాదికి ఒకసారైనా జరగాలి. ముందుగా చక్రాలు, బోల్టులు, కప్లింగులు నిలిపి చూడాలి. పరీక్ష సమయంలో చక్రం తిరిగే వరుసలో ఎవరూ నిలబడరాదు. పరీక్షలో ట్రిప్పు పడకపోతే ఆ యంత్రం ఆ రోజు నుంచే పక్కన పడాలి.

10. బోర్డు మీది వేగం దాటుతోందని యంత్రం ఆపిన ఆపరేటరుకు ఆ పూట కూలి కోత పెట్టరాదు. ఈ అంశం లేకుండా పై తొమ్మిదీ కాగితం మీదే ఉంటాయని కార్మికులు చెప్పిన మాటతో సభ ఏకీభవిస్తున్నది.

11. ప్రమాదం జరిగితే పుల్లీల కొలత, బ్లేడు మీది అంకె, గవర్నరు స్థితి నమోదయ్యే దాకా యంత్రాన్ని కదిలించరాదు. “ఆపరేటరు అజాగ్రత్త” అనే రెండు మాటలతో విచారణ ముగియడాన్ని ఈ సభ ఒప్పుకోదు.

12. ఈ ప్రాంత ఐటీఐల్లో ఫిట్టర్, డీజిల్ మెకానిక్ విద్యార్థులకు పుల్లీ లెక్క, గవర్నరు అమరిక, ట్రిప్పు పరీక్ష మిషను మీదే నేర్పాలని కోరుతున్నది. ఫ్యాక్టరీల శాఖ, గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు కంచెతో పాటు వేగాన్నీ కొలవాలని విజ్ఞప్తి చేస్తున్నది.

రాతి దుమ్ము, సిలికోసిస్ విషయం ఇంతకంటే పెద్దది. దానిపై వేరే తీర్మానం రావాలని సభ అభిప్రాయపడింది.

ఈ తీర్మానాన్ని ఒక కోత మిషను ఆపరేటరు ప్రతిపాదించగా, ఒక క్వారీ యజమాని బలపరిచారు. మూడో అంశంపై కొందరు అసమ్మతి తెలిపారు. మిగతా అంశాలు ఏకగ్రీవంగా, మూడో అంశం మెజారిటీతో ఆమోదం పొందాయి. మొదటి అంశంలోని బోర్డులను కంది నూర్పిళ్లు మొదలయ్యే లోపు ప్రతి షెడ్డులో పెట్టాలని యజమానులందరినీ సభ కోరుతున్నది.