మాటల మూలాలు: అడవికి అంటిన నింద

ఘోరమైన తప్పిదాన్ని తెలిపే క్రియావిశేషణాలు ఇంగ్లీషులో చాలా ఉన్నాయి. మన కార్యాలయ లేఖల్లోను, పిల్లల వ్యాసాల్లోను అవి ఒకదాని స్థానంలో మరొకటి దొర్లుతుంటాయి. ఈ సంచికలో వాటిని కొంచెం వేరుచేసి చూద్దాం.

తెలిసిన నియమాన్ని అందరి కళ్లెదుటే ఉల్లంఘిస్తే 'ఫ్లేగ్రంట్‌లీ' అనాలి. 'మండుట' అనే అర్థంగల లాటిన్ ధాతువు నుంచి పుట్టిన మాట ఇది. మంట దాగదు గదా! దాచే ప్రయత్నమైనా లేకుండా అబద్ధమాడితే 'బ్లేటంట్‌లీ'. 16వ శతాబ్దిలో స్పెన్సర్ కవి తన కావ్యంలో సృష్టించిన అనేక నాలుకల మృగం పేరు నుంచి వచ్చింది. 'ఎగ్రీజియస్‌లీ'కి మూలార్థం మంద నుంచి విడివడి కనిపించేలా అని. ఒకప్పుడు ప్రశంస, నేడు నింద. 'హేనస్‌లీ'కి మన 'హీనం'తో చుట్టరికం లేదు. అది ద్వేషమనే ఫ్రెంచి మాట సంతతి. హత్యవంటి నేరాలకే అది తగును. చెప్పకుండా రెండు రోజులు రాని గుమాస్తాపై ఆరోపణ పత్రంలో ఈ మాట రాస్తే చదివినవారు నవ్వుతారు. అక్కడ 'విల్‌ఫుల్లీ' చాలును, అదైనా రుజువు చేయగలిగితేనే.

చిక్కంతా మరో రెండు మాటలతో వస్తున్నది. 'సావేజ్‌లీ'కి మూలం లాటిన్‌లో అడవి. 'విలనస్‌లీ'కి మూలం దొరగారి భూమిని దున్నే పల్లెటూరి రైతు. అడవిలో ఉండటం, పల్లెలో ఉండటం నేరాలకు పేర్లయ్యాయి. తెలుగులోనూ ఇదే తంతు: అటవి నుంచి 'ఆటవికంగా', కిరాతుల నుంచి 'కిరాతకంగా'. కిరాతుడంటే వేటతో బ్రతికే కొండజాతి మనిషి. భారవి కావ్యంలో సాక్షాత్తు శివుడు ధరించిన రూపమది. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో స్వామికి కన్నులిచ్చిన తిన్నడు సైతం వేటగాడే. అయినా ఆ పేరు క్రౌర్యానికి పర్యాయపదమైంది. మాటలకు అర్థం రాసినవారు అడవివారు కారు మరి!

బస్తరులోని చింతలనార్ గురించి రాసేటప్పుడు ఇది వట్టి వ్యాకరణ చర్చగా మిగలదు. భద్రాచలానికి ఉత్తరాన, సుక్మా జిల్లా అడవుల్లోని ఆదివాసీ గ్రామమది. గోండి భాషలో 'నార్' అంటే ఊరు. 2010 ఏప్రిల్ 6న ఆ సమీపాన, తాడిమెట్ల వద్ద మావోయిస్టులు జరిపిన దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. మరుసటి ఏడు మార్చిలో అదే తాడిమెట్లలోను, మోరుపల్లి, తిమ్మాపురం గ్రామాల్లోను ఆదివాసుల ఇళ్లు తగులబెట్టబడ్డాయి. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆ దహనాలపై సి.బి.ఐ. దర్యాప్తుకు ఆదేశించింది. తీర్పు చెప్పిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు మన తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి.

ఈ రెండు ఘటనల్లో దేనిని గురించి 'ఆటవికంగా' అని రాసినా, ఆ నింద చేసినవారిని దాటి, ఇల్లు కాలి చెట్టుకింద నిలిచిన గృహిణికి తగులుతుంది. ఆమె చేసిన తప్పల్లా అడవిలో పుట్టడమే. ఇలా అన్నంత మాత్రాన మరణించిన జవాన్ల కుటుంబాల దుఃఖాన్ని తక్కువ చేసినట్లు కాదు. 76 అన్న అంకె పక్కన ఏ విశేషణం పెట్టినా అది చిన్నదే. తప్పనిసరిగా గట్టి మాట కావలసివస్తే 'నిర్దాక్షిణ్యంగా' ఉన్నది. ఇంగ్లీషులో 'రూత్‌లెస్‌లీ' ఉన్నది. ఇవి చేసినవాని మనసును చెబుతాయి, నివాసాన్ని కాదు.

మన చట్టం ఈ విషయంలో ఎంతో పొదుపరి. 1860 నాటి శిక్షాస్మృతి 'డిస్ఆనెస్ట్‌లీ', 'ఫ్రాడ్యులెంట్‌లీ', 'వాలంటరీలీ' వంటి మాటలను నిర్వచించింది. దాని స్థానంలో 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా వాటిని నిలుపుకొన్నది. 'సావేజ్‌లీ'కి రెంటిలోను నిర్వచనం లేదు.

ఒక కులాన్నో, ఊరినో, వృత్తినో తిట్టుగా మార్చిన తెలుగు మాటలు పాఠకుల ఎరుకలో మరికొన్ని ఉండవచ్చు. అర్థంతో సహా రాసి పంపితే వచ్చే సంచికలో వాటి పుట్టుక పరిశీలిద్దాం.