కొల్లేటి చేప – ఆడవాళ్ళ కంచం

ఉంగుటూరు దాటి నిడమర్రు, కొల్లేటి వైపు వెళితే ఎటు చూసినా చేపల చెరువులే. శీలావతి, బొచ్చె ఐసులో పడి లారీల మీద బెంగాల్‌కీ అస్సాంకీ పోతాయి. ఇక్కడ అందరికీ వడ్డించి ఆఖరున తినే స్త్రీకి తరచూ పులుసే మిగులుతుంది, ముక్క కాదు.

జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు దాదాపు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. కానీ 2013 ఆహార భద్రతా చట్టం రేషన్లో హక్కుగా ఇచ్చింది తిండిగింజలనే, పప్పును కాదు. భోజనం హక్కేమో పిల్లలకూ, గర్భిణులకూ, బాలింతలకూ మాత్రమే. బడి మానేసిన పదిహేనేళ్ళ పిల్ల, కాన్పులు అయిపోయిన కూలిమనిషి, కండ కరిగిపోతున్న ముసలమ్మ అందులో లేరు.

తల్లి అయినప్పుడే స్త్రీ శరీరానికి విలువా? రేషన్లో పప్పును హక్కుగా అడుగుదాం. ఇంట్లో ముక్కనూ సమంగా పంచమందాం. బిడ్డల కోసమే కాదు, మన కోసం.