హేమంతంలో గృహస్థధర్మం

సంగారెడ్డి జిల్లా కంగ్టి పల్లెలలో మార్గశిర, పుష్య మాసాల ప్రాతఃకాలం అతిశీతలం. అయినను కొందరు వృద్ధులు ధనుర్మాసమని వణకుచునే చన్నీటి స్నానమాచరింతురు. అది సాధ్యపడనినాడు దీపారాధనకు తాము అనర్హులమని కుమిలిపోవుదురు. ఈ భావన శాస్త్రసమ్మతము కాదు.

చరకసంహిత సూత్రస్థానంలోని ఆరవ అధ్యాయం హేమంతంలో తైలాభ్యంగమును, ఉష్ణోదకమును, వెచ్చని గృహవాసమును ఉపదేశించింది. అశక్తులకు ధర్మశాస్త్రకారులు మంత్రస్నానమును, మానసస్నానమును అనుమతించారు. అశాస్త్రీయంగా దేహమును కృశింపజేయు ఘోరతపస్సును గీత 17వ అధ్యాయం ఆసురమని నిర్ణయించింది.

కావున అత్తమామలకు నీళ్లు కాచి ఇచ్చు కోడలు, పొయ్యివద్ద కూర్చుండి వేడి జొన్నరొట్టె వడ్డించు ఇల్లాలు, రాత్రివేళ చేను కాయు పాలేరుకు కంబళి అందించు యజమాని, వీరెవ్వరును వ్రతభ్రష్టులు కారు. ఆలయంలో ప్రాతఃకాల పూజకు రాలేకపోయినను, ఈశ్వరార్పణబుద్ధితో చేసినచో వారి గృహకృత్యమే కైంకర్యం.

చలి ఎప్పుడు తొలగునాయని దినములు లెక్కించుట వ్యర్థం. మకరసంక్రమణం వరకు ప్రతి ఉదయం ఇంటిలోని వృద్ధులు సుఖంగా మేల్కొనునట్లు చూచుకొనుటయే ఈ ఋతువుకు తగిన తపస్సు. ఆ తరువాత వెలిగించిన దీపమును భగవంతుడు తప్పక స్వీకరించును.