ఆ చెమ్మ ఎక్కడిది?

మచిలీపట్నంలో ఉంటున్న మా మేనల్లుడు భవన నిర్మాతలకు కంప్యూటరుపై ఇళ్ల నమూనా చిత్రాలు రూపొందించి ఇస్తాడు. ఇంటి ఖర్చులూ, చెల్లెలి చదువూ ఆ సంపాదనతోనే గడుస్తున్నాయి. గంటల తరబడి పనిచేసే యంత్రం వేడెక్కకూడదని, పొదుపు చేసిన సొమ్ముతో దానికి నీటి శీతలీకరణను స్వయంగా అమర్చుకున్నాడు. ప్రాసెసరుపై రాగి దిమ్మె, నీలిరంగు ద్రవం, దానిని తిప్పే పంపు, గొట్టాలు. అంతటితో ఆగక, చేపల తొట్లకు వాడే చిల్లరును కూడా జోడించి ఆ ద్రవాన్ని 15 డిగ్రీలకు చల్లబరిచాడు.

ఆగస్టులో ఒక ఉదయం మదర్‌బోర్డుపై నీటి బిందువులు కనిపించాయి. "మామూ! ఆ దుకాణదారు నాకు కారిపోయే గొట్టాలు అంటగట్టాడు" అని ఫోనులో మండిపడ్డాడు. అప్పటికే మిత్రుల వాట్సాప్ బృందంలో ఆయనను మోసగాడని రాసేశాడు కూడా.

"బేటా, ముందు కరెంటు ఆపు. తర్వాత తెల్లని కాగితంతో ఆ చెమ్మను అద్ది, ఏ రంగు అంటిందో చెప్పు" అన్నాను.

కాగితానికి ఏ రంగూ అంటలేదు. తొట్టిలోని నీలిద్రవం గీసిన గుర్తు దగ్గరే ఉంది. గొట్టం కారలేదు. ఆ నీరు గదిలోని గాలిది!

గాలిలో నీటి ఆవిరి ఎల్లప్పుడూ ఉంటుంది. గాలి చల్లబడుతూ పోతే ఒక స్థాయిలో ఆ ఆవిరి నీరుగా మారడం మొదలవుతుంది. ఆ ఉష్ణోగ్రతనే తుషార బిందువు అంటారు. గది 30 డిగ్రీల వేడిలో, 70 శాతం ఆర్ద్రతతో ఉంటే అది సుమారు 24 డిగ్రీలు. అంతకన్నా చల్లనైన ప్రతి వస్తువుకూ చెమట పడుతుంది. రాత్రి ఏసీ నడుస్తున్నప్పుడు గది 25 డిగ్రీలు, ఆర్ద్రత 50 శాతం ఉండేవి. అప్పుడు తుషార బిందువు 14 డిగ్రీలకు దిగివచ్చి, 15 డిగ్రీల గొట్టం పొడిగానే ఉండేది. తెల్లవారి అతడు ఏసీ ఆపి కిటికీ తెరిచాడు. చిల్లరు మాత్రం నడుస్తూనే ఉంది. సముద్రపు గాలి లోపలికి వచ్చింది.

సాధారణ రేడియేటరుతో చల్లబరిచే ఏర్పాటులో ఈ చిక్కు లేదు. అందులో నీరు గది గాలికన్నా చల్లబడదు. చిల్లరు వాడేవారు నీటిని ఆనాటి తుషార బిందువుకు 3 డిగ్రీలు పైన నిలిపితే చాలు. ప్రాసెసర్లు సాధారణంగా 95 నుంచి 100 డిగ్రీల దగ్గర గాని వేగం తగ్గించుకోవు. కాబట్టి 27 డిగ్రీల నీటితో కూడా పని సాఫీగా సాగుతుంది. అంతకన్నా చల్లదనం తప్పదనుకునేవారు ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్లని రబ్బరు తొడుగును గొట్టాలకూ, దిమ్మె చుట్టూ, బోర్డు వెనుక భాగానికీ సందు లేకుండా అమర్చాలి. సందులోకి గాలి చొరబడితే తొడుగు చాటున కంటికి కనబడకుండా చెమ్మ పడుతుంది.

తుషార బిందువును వంటగదిలోనే కనుగొనవచ్చు. స్టీలు గ్లాసులో నీరు పోసి, కొద్దికొద్దిగా మంచుముక్కలు వేస్తూ కలపండి. గ్లాసు బయటి మెరుపు మసకబారిన క్షణాన నీటిలోని థర్మామీటరు చూపే అంకె ఇంచుమించు అదే. చల్లబడిన తలంపై చెమ్మ ఎప్పుడు పడుతుందో గమనించే ఈ సూత్రంపైనే ఆంగ్ల శాస్త్రవేత్త డేనియెల్ 1820లో తన ఆర్ద్రతామాపకాన్ని నిర్మించాడు.

సూరహ్ రహ్మాన్‌లో అల్లాహ్ తాను నెలకొల్పిన తూకాన్ని ప్రస్తావించి, దానిని అతిక్రమించవద్దని హెచ్చరించాడు. సూరహ్ హుజురాత్‌లో, అందిన వార్తను విచారించమనీ, అనుమానాలకు దూరంగా ఉండమనీ విశ్వాసులకు బోధించాడు. మా మేనల్లుడు ఆ రోజు రెండు చోట్లా తప్పాడు. చల్లదనంలో హద్దు చూసుకోలేదు. నింద మోపేముందు నిజం చూసుకోలేదు.

బోర్డును పూర్తిగా ఆరనిచ్చాక యంత్రం మళ్లీ పనిచేసింది, అల్‌హమ్దులిల్లాహ్. మనిషి పరువుకు తగిలిన దెబ్బ అలా దానంతట అది ఆరిపోదు. అందుకే అతడు అదే బృందంలో తన పొరపాటును ఒప్పుకుంటూ రాశాడు. ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లి క్షమాపణ కోరుకున్నాడు.

కొలిచి నడుచుకునే వివేకాన్నీ, విచారించి మాట్లాడే నిగ్రహాన్నీ అల్లాహ్ మన పిల్లలకూ, మనకూ ప్రసాదించుగాక! ఆమీన్.