ఆకలి ఒప్పించిన బేరం

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడి చేసి తుపాకులు పట్టుకుపోయిన సంగతి అందరికీ తెలుసు. దానికి ముందు జరిగింది అంతగా చెప్పుకోం. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి గిరిజనులను అరకొర కూలితో దించాడు. రానంటే కుదరదు. అది బలవంతమేనని ఎవరైనా ఒప్పుకుంటారు.

ఇప్పుడు కొరడా పట్టిన అధికారి లేడు. వానాకాలంలో ఇంట్లో గింజలు అడుగంటుతాయి, కాఫీ పండు కోతకు ఇంకా నెలలుంటుంది. అప్పుడు వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు. పంట తనకే, తాను చెప్పిన ధరకే అమ్మాలంటాడు. రైతు సరేనంటాడు. ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు గదా, ఇందులో బలవంతమెక్కడ అని అడిగేవాళ్లున్నారు.

ఇలాంటి ప్రశ్నకే సుప్రీంకోర్టు 1982 సెప్టెంబరులో జవాబిచ్చింది. ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల్లో పనిచేసిన కూలీల కేసు అది. వెట్టిని నిషేధించే రాజ్యాంగం 23వ అధికరణంలో 'బలవంతం' అంటే దెబ్బలు, బెదిరింపులే కాదు, మరో దారి లేకుండా చేసే పేదరికం కూడా అని జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు రాశారు. చట్టప్రకారం రావలసిన దానికంటే తక్కువకు తెలిసి తెలిసి ఎవరూ పని చెయ్యరు, చేస్తున్నారంటే వెనక ఏదో నెడుతోందన్నది ఆయన తర్కం.

అలాగైతే పొట్టకోసం చేసే పనంతా వెట్టేనా? కాదు. కోర్టు కనీస వేతనం దగ్గర గీత గీసింది. నాకిది న్యాయంగానే తోస్తుంది. కూలివాడి మనసులో ఇష్టమెంతో కొలవలేం, యజమాని చేతిలోంచి ఎంత రాలిందో లెక్కపెట్టగలం.

కాఫీ రైతు కూలివాడు కాడు గదా అనవచ్చు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టాన్ని మళ్లీ చదవాలి. అప్పు తీసుకున్నందుకు బదులుగా ఊరికే పని చెయ్యడమే కాదు, తన కష్టంతో పండినదాన్ని మార్కెట్ ధరకు అమ్ముకునే హక్కు వదులుకోవడాన్ని కూడా ఆ నిర్వచనంలో చేర్చారు. ఈ ముక్క చాలామంది అధికారులకే గుర్తుండదు.

ఏశావు కథ మనకు కొత్తకాదు. అలసి ఆకలితో వచ్చినవాడు చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వం అమ్మేశాడు, ప్రమాణం కూడా చేశాడు. మన ప్రసంగాల్లో నింద ఎప్పుడూ ఏశావు మీదే. అన్నదమ్ముడి ఆకలి చూసి ముందు బేరం పెట్టిన యాకోబు సంగతి దాటేస్తాం.

అడ్వాన్సు ఇవ్వడమే తప్పని అనను. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే. అప్పును పంట ధరకు ముడివెయ్యడమే తప్పు. అసలు ఇలాంటి వ్యాపారుల చేతినుంచి గిరిజనులను తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. కోత మొదలయ్యాక జీసీసీ మంచి ధర ప్రకటించినా, ఆగస్టులోనే మాట ఇచ్చేసినవాడికి అది అందదు. డబ్బు ఆ వానల నెలల్లోనే అందాలి. చట్టం ప్రకారం జిల్లాకూ, సబ్‌డివిజన్‌కూ విజిలెన్స్ కమిటీలుండాలి. పాడేరు కమిటీ కూడా అప్పుడే ఊళ్లు తిరిగి, ఎవరు ఎంత తీసుకున్నారో, ఏ ధరకు ఒప్పుకున్నారో అడగాలి. మన సంఘాల్లో కాఫీ, మిరియాలు కొనే సోదరులుంటే, వాళ్లనూ అడగాలి.