మంచు చూడబోయే ముందు గది చూసుకుందాం

మన తెలుగు బడిలో రెండేళ్ళ క్రితం 'మ' గుణింతం చెబుతూ బోర్డు మీద "మంచు" అని రాశాం. "మంచు అంటే ఏమిటో తెలిసినవాళ్ళు చేయెత్తండి" అంటే ఫర్వానియాలోనే పుట్టి పెరిగిన ఒక చిన్నది లేచి, "ఫ్రీజర్ గోడకు అంటుకుంటుంది కదా సార్, అమ్మ స్పూన్‌తో గీకుతుంది" అంది. క్లాసంతా నవ్వింది కానీ మాకు నవ్వు రాలేదు. 2016 జూలై 21న ఇదే దేశంలో మిత్రీబా అనే చోట 53.9 డిగ్రీల ఎండ కాసింది. అలాంటి చోట పెరిగే పిల్లలకు మంచు ఫ్రీజర్‌లోనే కనబడుతుంది మరి. మనం ఇండియా వెళ్ళేది వేసవి సెలవుల్లో. అప్పుడు లంబసింగిలో కూడా మంచు ఉండదు.

అందుకే ఈ మధ్య మన కుటుంబాలు ఫిబ్రవరి 25, 26 జాతీయ సెలవులకు ముందూ వెనకా రెండు రోజులు కలుపుకుని జార్జియా వెళ్ళడం మొదలుపెట్టాయి. విమానంలో మూడు గంటలు, అటూ ఇటూగా. గల్ఫ్ అకామా ఉన్నవాళ్ళను ఆ దేశం కొన్నేళ్ళుగా విడిగా వీసా అడగడం లేదు. అయితే అకామా గడువు గురించి షరతులు ఉంటాయి, అవి మారుతుంటాయి కూడా. 2026 జనవరి 1 నుండి ఆరోగ్య బీమా కాగితం తప్పనిసరి చేశారు. టికెట్టు కొనకముందే ఇవన్నీ చూసుకోవాలి. ఇది అందరూ చెప్పే మాటే కాబట్టి ఇక్కడితో వదిలేస్తాం.

మేం చెప్పదలచుకున్నది బస గురించి. చిన్నపిల్లలతో నాలుగైదు కుటుంబాలు కలిసి, తక్కువ ఖర్చులో, మంచు కొండ దగ్గర ఉండాలంటే ఎక్కడ ఉండాలి? మనవాళ్ళు ముందు టికెట్టు కొంటారు. తర్వాత జాకెట్లు, చేతి తొడుగులు, బూట్లు కొంటారు. చివరికి మిగిలిన దినార్లకు ఏ గది వస్తే ఆ గది. మా అభిప్రాయం ప్రకారం ఈ వరుస పూర్తిగా తలకిందులుగా ఉంది. ఇలా అనడానికి మాకు అర్హత ఉంది, ఎందుకంటే మేమూ అదే తప్పు చేశాం.

2023 ఫిబ్రవరిలో ఐదు కుటుంబాలం, తొమ్మిది మంది పిల్లలతో బయలుదేరాం. మా వృత్తి సాఫ్ట్‌వేర్ కాబట్టి బస వెతికే పని మాకే అప్పగించారు. పద్ధతిగా ఒక పట్టిక తయారు చేసి, ధరను బట్టి వరుస పెట్టి, అన్నిటికంటే పైన ఉన్నది తీసుకున్నాం. ఊరు పేరు, ఇల్లు పేరు ఇక్కడ అనవసరం. ఫోటోల్లో చక్కగానే ఉంది. వెళ్ళాక చూస్తే ఐదు గదులకు ఒకే స్నానాలగది, అందులో గోడకు బిగించిన గ్యాసు హీటరు. దాని పొగ గొట్టం ఎక్కడికి వెళుతోందో మాలో ఎవరమూ తల ఎత్తి చూడలేదు. చలికి కిటికీలన్నీ బిగించి, సందుల్లో తువ్వాళ్ళు కుక్కి పడుకున్నాం. అర్ధరాత్రి ఇద్దరు పిల్లలు తలనొప్పి అని ఏడుస్తూ లేచారు. ఒకడికి వాంతి అయింది. కొండ ఎత్తు పడలేదేమో అన్నారు ఒకరు, విమానంలో తిన్న శాండ్‌విచ్ అన్నారు ఇంకొకరు. ఆ వాంతి వాసన భరించలేక మాతో వచ్చిన ఒక అమ్మమ్మగారు చలిని లెక్కచేయకుండా రెండు కిటికీలూ తెరిచేశారు. "వదినా, పిల్లలు గడ్డకట్టుకుపోతారు" అని అందరూ గోల చేస్తే, "గాలి లేని గదిలో మనుషులు పడుకుంటారా?" అని ఆవిడ మంచానికి అడ్డంగా కూర్చున్నారు. తెల్లవారేసరికి పిల్లలు మామూలుగా లేచి మంచులో దొర్లడానికి పరుగెత్తారు. అది ఎత్తు వల్లనో, శాండ్‌విచ్ వల్లనో, హీటరు వల్లనో మాకు ఈనాటికీ తేలలేదు.

2024 డిసెంబరులో వార్త చదివాక మాత్రం ఆ రాత్రి మళ్ళీ గుర్తొచ్చి కాళ్ళు వణికాయి. జార్జియాలోని గుదౌరిలో, మనవాళ్ళంతా ఫోటోలు దిగే ఆ మంచు ఊళ్ళోనే, ఒక భారతీయ భోజనశాల పై అంతస్తులోని పడకగదుల్లో 12 మంది నిద్రలోనే పోయారు. వారిలో 11 మంది భారతీయులు, అక్కడ పనిచేసుకునేవాళ్ళు. కరెంటు పోతే, పడకగదుల దగ్గరే మూసి ఉన్న చోట జనరేటరు వేశారని, దాని నుండి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ వల్ల చనిపోయి ఉంటారని అక్కడి అధికారులు చెప్పారు. దెబ్బలు లేవు, పెనుగులాట లేదు. పడుకున్నవాళ్ళు లేవలేదు.

పిల్లలూ, ఈ ఒక్క పేరా మీ కోసం. బొగ్గు, గ్యాసు, పెట్రోలు, కట్టెలు, వీటిలో ఏది మండినా గాలి కావాలి. గాలి సరిపోకపోతే సగం సగంగా మండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ ఉంటుందని సైన్సు పుస్తకంలో చదువుకున్నారు కదా. ఈ వాయువు ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. బస్సులో మీ సీట్లో ఇంకెవరో కూర్చుని లేవకపోతే మీరు ఎక్కలేరు కదా, అలాగన్నమాట. మీరు పెద్దవాళ్ళ కంటే త్వరత్వరగా ఊపిరి పీలుస్తారు కాబట్టి మీకే ముందు తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వస్తాయి. గదిలో అలా అనిపిస్తే "నిద్ర చెడగొడితే నాన్న తిడతాడేమో" అని ఊరుకోవద్దు. లేపండి. అందరూ ఆరుబయటికి వెళ్ళాలి.

పెద్దలకు ఇంకో మాట. ఇది దూరదేశపు ముచ్చట కాదు. ఇక్కడ నవంబరు 15 నుండి మార్చి 15 దాకా ఎడారిలో గుడారాలు వేసుకునే కాలం. గుడారంలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దని అగ్నిమాపక శాఖవాళ్ళు హెచ్చరిస్తూనే ఉంటారు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో తెల్లవారుజామున కార్మికుల భవనం కాలిపోతే 40 మందికి పైగా భారతీయులు పోయారు. వారిలో మన ఆంధ్రప్రదేశ్ వాళ్ళు ముగ్గురు. వాళ్ళు తమ గదిని తాము ఎంచుకోలేదు, ఎవరో ఎంచి పెట్టారు. సెలవుకు వెళ్ళే మనం మాత్రం మన గదిని మన చేత్తోనే ఎంచుకుంటాం. ఎంచుకునే అవకాశం ఉండి కూడా ధర ఒక్కటే చూస్తామంటే ఎలా?

సరే, ఎక్కడ ఉండాలి? గుదౌరి సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉంది. తిబిలిసీ నుండి 120 కిలోమీటర్లు. దారి అందంగా ఉంటుంది కానీ మంచు ఎక్కువగా పడితే మూసేస్తారు. స్కీయింగ్ బాగా వచ్చినవాళ్ళకు అది స్వర్గం అంటారు. మాకు స్కీయింగ్ రాదు కాబట్టి స్వర్గమో కాదో చెప్పలేం. ఆరేడేళ్ళ లోపు పిల్లలుంటే మా ఓటు బకురియానీకి. అది బోర్జోమీ దగ్గర, సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. దూరం ఎక్కువ, 180 కిలోమీటర్ల దాకా. కానీ అది ఒక ఊరు. వీధులు, దుకాణాలు, మందుల షాపు, చిన్నపిల్లలు జారడానికి మెత్తటి వాలులు ఉన్నాయి. 1902లో బోర్జోమీ నుండి అక్కడికి చిన్న రైలు మార్గం వేశారు. ఆ రైలును వాళ్ళు ముద్దుగా కోయిల అని పిలుస్తారు. చిన్న ఊరని తీసిపారేయనక్కరలేదు, 2023లో ఫ్రీస్టైల్ స్కీ, స్నోబోర్డు ప్రపంచ పోటీలు అక్కడే జరిగాయి. "అంత దూరం వెళ్ళి గుదౌరి చూడకుండా వస్తారా?" అని మమ్మల్ని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. ఐదేళ్ళ పిల్లకు ఏ కొండైనా ఒకటే. మంచులో కూర్చుని పిడికిళ్ళతో బొమ్మ చేస్తుంది, పావుగంట తర్వాత ఒంటికి వెళ్ళాలంటుంది. అప్పుడు గది నడిచి వెళ్ళే దూరంలో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. వాలుకు దూరంగా చవక గది తీసుకుని, రోజుకు నాలుగుసార్లు టాక్సీకి ఇచ్చుకుంటే ఆ చవక ఎక్కడ మిగిలింది?

హోటల్లో విడివిడి గదుల కంటే నాలుగు కుటుంబాలకు కలిపి ఒకే ఇల్లు తీసుకోవడం మేలు. ఇది కూడా అనుభవం మీద చెబుతున్నాం. ఉదాహరణకు నాలుగు పడకగదుల ఇల్లు రాత్రికి 80 దినార్లు అనుకోండి, ఇంటికి 20 పడుతుంది. అదే 20కి హోటల్లో గది దొరికినా వంటగది దొరకదు. మూడు పూటలా బయట తింటే ఆ బిల్లు గది అద్దెను దాటిపోతుంది. పైగా మన పిల్లలు మొదటిరోజు పిజ్జా అంటారు, రెండో రోజు సాయంత్రానికి పప్పన్నం కావాలంటారు. కాబట్టి కందిపప్పు, ఆవకాయ, నెయ్యి, అన్నిటికంటే ముఖ్యంగా ప్రెషర్ కుక్కరు తీసుకెళ్ళండి. రెండు వేల మీటర్ల ఎత్తున నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. మొదటిసారి మాకిది తట్టలేదు. ఇంజనీరింగు చదివి ఏం లాభం అని మా ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

ఇక అందరూ లోలోపల అనుకుని పైకి అనని సంగతి. మన బడిలో అందరి జీతాలూ ఒకటి కావు. ఆయిల్ కంపెనీలో పనిచేసేవారున్నారు, షువైఖ్‌లో గ్యారేజీ నడిపేవారున్నారు, డ్రైవరుగా చేస్తూ కష్టపడి కుటుంబాన్ని తెచ్చుకున్నవారున్నారు. 2025లో మళ్ళీ వెళ్దామనుకున్నప్పుడు ఒకరు మంచి రిసార్టు పేరు చెప్పారు. అందరూ సరే అన్నారు. రాయచోటి అన్న ఒకాయన కూడా సరే అన్నాడు. మర్నాడు ఫోను చేసి, "అన్నా, డ్యూటీ పడింది, మేము రాలేము, మీరు పోయి రాండి" అన్నాడు. డ్యూటీ పడలేదని మాకు తెలుసు. ఆయన కూతురే మొదట చెప్పిన ఆ ఫ్రీజర్ పిల్ల.

ఆ రోజు బడి అయ్యాక మేమంతా కూర్చుని లెక్క మార్చాం. ముందుగా ఎవరికివారు తాము పెట్టగలిగిన మొత్తం చీటీ మీద పేరు లేకుండా రాసి డబ్బాలో వేయాలి. అన్నిటికంటే తక్కువ ఉన్న చీటీయే మా బడ్జెట్. నలుగురికీ అందనిది ఎవరికీ వద్దు. ఒకరిద్దరికి ఇది నచ్చలేదు, వాళ్ళు విడిగా గుదౌరి వెళ్ళారు, వాళ్ళ మీద కోపమేమీ లేదు. మిగిలినవాళ్ళం ఆ తక్కువ మొత్తంలోనే కుదించుకున్నాం. ఎక్కడ కుదించాలో, ఎక్కడ కుదించకూడదో తెలుసుకున్నది అప్పుడే. నాలుగు రాత్రులను మూడు చేశాం. కొత్త జాకెట్లు కొనలేదు, నిరుడు వెళ్ళినవాళ్ళ పిల్లలవి పొట్టివైపోతే ఒకరివొకరు మార్చుకున్నాం. పెద్దవాళ్ళం స్కీ అద్దె మానేసి పిల్లలకు మాత్రం రెండు గంటల పాఠం చెప్పించాం. గోడలు, వేడి, నీళ్ళు, దూరం, వీటిలో మాత్రం ఒక్క దినారు తగ్గించలేదు. "డ్యూటీ మార్చుకున్నాలే అన్నా" అంటూ ఆ అన్న కూడా బయలుదేరాడు.

ఇంటి యజమానికి ఈసారి ఫోన్లో వీడియో పెట్టమని నేరుగా అడిగాం. ఇల్లు దేనితో వేడెక్కుతుంది? బాయిలరు ఎక్కడుంది, దాని పొగ గొట్టం గోడ బయటికి వచ్చిందో లేదో చూపించండి. కరెంటు పోతే ఏం చేస్తారు, జనరేటరు ఉంటే ఇంటి లోపలా, బయటా? మెట్లు ఎన్ని, బాల్కనీ కడ్డీల మధ్య సందు ఎంత? రాత్రి తలుపు లోపలి నుండి తాళం చెవి లేకుండా తెరుచుకుంటుందా? ఒక యజమాని విసుక్కుని ఫోను పెట్టేశాడు. ఆయన ఇల్లు ధరలో అన్నిటికంటే పైన ఉంది, మా పాత పట్టిక ప్రకారమైతే అదే తీసుకునేవాళ్ళం. రెండో ఆవిడ ఓపిగ్గా ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి చూపించింది, చివర్లో వాళ్ళ పిల్లినీ చూపించింది. ఆ ఇంటికే వెళ్ళాం.

బకురియానీలో మొదటిరోజు పొద్దున ఆ ఫ్రీజర్ పిల్ల గడప దాటి మంచులో అడుగు పెట్టి, ఒక పిడికెడు తీసి నోట్లో పెట్టుకుని, "సార్, దీనికి చేపల వాసన రావట్లేదు" అంది.

వచ్చే ఫిబ్రవరికి ఎవరైనా వెళ్తుంటే, బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారాలు రెండు మన బడి బీరువాలో, సుద్దముక్కల డబ్బా పక్కన ఉన్నాయి. పడుకునే చోటికి దగ్గరగా పెట్టుకోవాలి. రిజిస్టరులో పేరు రాసి తీసుకెళ్ళండి, తిరిగి ఇచ్చేటప్పుడు కొత్త బ్యాటరీలు వేసి ఇవ్వండి. కుక్కరు మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. మాది గాస్కెట్టు పోయింది.